కట్టేసేదా, మామా?

పిల్లప్ప కీ ఇచ్చి వదిలిన ఏనుగు బొమ్మ నడుచుకుంటూ వెళ్ళి అద్దం తలుపుకు తగిలింది. అక్కడే కాళ్ళాడిస్తోంది.

తలుపు అవతల మాల్ అంతా చీకటి. ఎస్కలేటర్లు ఆపేశారు. ఈ అంతస్తులో మిగిలింది వీళ్ళ బొమ్మల అంగడి ఒక్కటే.

"మామా, బొమ్మనహళ్ళిలో అంగడికి ఒక చిన్న గది చూసినా. పిల్లోళ్ళు బడికి పోయే దోవ. ఇంక ఈడ..." కోడలు నళిని ఆగిపోయింది.

కాటన్‌పేటలో వ్యాపారం మొదలైననాటి నుంచీ ఆ ఇంట్లో అంగడి 'మూయడం' అనరు. అశుభం. రాత్రి తాళం వేసినా 'కట్టడం' అనే అంటారు.

"ఊఁ, ఈడ?" అన్నాడు పిల్లప్ప.

"ఏం లేదు మామా. పొద్దుపోయింది. కట్టేసేదా?"

"జనం రాని అంగడికి దినామూ ఎందుకొస్తాండావమ్మా?"

"మీరొస్తారని."

"నువ్వొక్కదానివే కూచోనుంటావని గదా నేనొచ్చేది!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏనుగు ఇంకా అద్దాన్ని తోస్తూనే ఉంది.

పిల్లప్ప వంగి దాన్ని ఎత్తుకున్నాడు. చేతిలో కూడా దాని కాళ్ళు ఆడుతున్నాయి.

"సరే మామా, కట్టేస్తా," అంటూ నళిని లేచింది.

"కట్టేది కాదమ్మా," అన్నాడు పిల్లప్ప. "మూసెయ్."