బరువైన చప్పుడు

కోడలు స్వెట్టర్లు అల్లే మిషను మీద బండి తోస్తోంది. బండి అటు వెళితే ఒక వరస, ఇటు వస్తే ఇంకో వరస. ఆ చప్పుడు ఆగితే చాలు, ముందుగదిలోంచి మామగారు "ఏమైంది?" అంటారు. దొడ్డి తలుపు తాళంచెవి అత్తగారి కొంగున ఉంటుంది.

కోడలి ఒళ్ళో బనియన్ల మిల్లు నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. గుండ్రటి మిషన్ల మీద పని, ఈరోజు పదింటికి రమ్మన్నారు. అదే మళ్ళీ మళ్ళీ చదువుతూ, ఊలు అయిపోవడం ఆమె చూసుకోలేదు. ఖాళీ బండి సూదుల మీదుగా పోయేసరికి, పొద్దుటినుంచి అల్లిన వీపు ముక్క మొత్తం ఊడి కాళ్ళ దగ్గర పడింది.

అత్తగారు గుమ్మంలోకి వచ్చారు.

"చప్పుడు తేలిగ్గా వస్తోందేమిటా అనుకున్నాను." కిందపడ్డ ముక్కనీ, ఒళ్ళో ఉత్తరాన్నీ చూశారు.

"పొరపాటైంది అత్తయ్యా. మళ్ళీ అల్లేస్తాను."

"ఏమైంది?" ముందుగదిలోంచి మామగారు.

"ఊలు అయిపోయిందండీ, కొత్త ఉండ ఎక్కిస్తోంది," అన్నారు అత్తగారు. తర్వాత గొంతు తగ్గించి, "లే. ముందు ఆ పీచు దులుపుకో," అంటూ తాళంచెవి కోడలి చేతిలో పెట్టారు.

"మరి మావయ్యగారు?"

"ఆయనకి చప్పుడు వినిపిస్తే చాలు. తోసేదెవరో ఈ ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ వచ్చి చూడలేదు."

అత్తగారు పీట మీద కూర్చుని, కొత్త ఊలు ఎక్కించి, బండిని బరువుగా తోశారు.

"నాకొచ్చిన ఉత్తరం ఇంకా దేవుడి గూట్లోనే ఉందమ్మా. అప్పుడు ఈ పీట మీద కూర్చునేందుకు ఇంకెవరూ లేకపోయారు."