పదో దీపం

భర్త దినాలు అయిన మర్నాడే స్రవంతి మునగాలలోని తమ షెడ్డులో కొలిమి ముందు కూర్చుంది. కోదాడ హోటలుకు పది గాజు దీపాలు చేసిస్తామని ఇద్దరూ ఒప్పుకున్నారు. తొమ్మిది అతను ఉండగానే అయ్యాయి.

ఇనుప గొట్టం కొసన కరిగిన గాజు ముద్దను తిప్పుతూ, తడి కాగితాల మడతతో ఒత్తి గుండ్రం చేసింది. తర్వాత అలవాటు కొద్దీ అంది.

"ఊదు."

ఆమె ఆకారం దిద్దడం, ఆమె మాట మీద అతను అవతలి కొసన ఊదడం. ఏడేళ్లుగా అంతే. పొరపాటు తెలిసినా ఏమీ అనిపించలేదు. గాజు ఎరుపు తగ్గుతుంటే చూస్తూ కూర్చుంది.

గడపలో ఉన్న అత్త సోమమ్మ లేచింది. ఈ పదకొండు రోజుల్లో ఏడుపు రానిది వాళ్లిద్దరికే. గొర్లు కాసే ఇంట్లో ఇదేం పనని, కొడుకు ఉన్నన్నాళ్లూ ఆమె ఈ షెడ్డులో అడుగు పెట్టలేదు. వచ్చి, గొంతుక్కూర్చుని, పొయ్యి ఊదినట్టే గొట్టంలోకి ఊదింది.

గాజు ఉబ్బింది.

"సాలా?"

"ఇంకొంచెం, అత్తమ్మా."

దీపం ఒక పక్కకు వంకర పోయింది. అయినా స్రవంతి దాన్ని గొట్టం నుంచి విడదీసి, పక్కనున్న వేడి పెట్టెలో పెట్టి తలుపు మూసింది.

"అయిపోయినంక మళ్ల పొయ్యిల ఎందుకు పెడ్తున్నవ్?"

"మెల్లగ సల్లారాలె. లేకుంటే పగులుతది."

"ఎంతసేపు?"

"రేపు పొద్దుగాలదాంక."

సోమమ్మ ఆ తలుపు మీద చెయ్యి ఆనించబోయి ఆగింది.

"గంతేనా? ఒక్క రాత్రికే సల్లారుతదా?" అంది.