ఆయిలు రంధ్రం దగ్గర చెవి

కోడలికి నొప్పులు మొదలయ్యేసరికి చీకటి పడింది, కారేమో మొరాయించింది. కొడుకు ఇంజను సిలిండర్లలో ఒక్కొక్కదానిలోకీ గాలి కొట్టి లీకు వెతకబోతున్నాడు. పక్కింటి గుసగుసలు కూడా వినే చెవులు నావని, ఆయిలు పోసే రంధ్రం దగ్గర నన్ను చెవి పెట్టమన్నాడు.

"బుస్సుమంటోందిరా నాయనా!"

"అమ్మా, నేనింకా గాలే పెట్టలేదు."

"పెట్టకుండా ఎలా వస్తుందిరా, తిక్క సన్నాసీ?"

వాడు చేతిలోని గాలిగొట్టం ఎత్తి చూపించాడు. లీకయితే గాలి బయటికే రావాలి కదా. ఇది నా చెంపమీది వెంట్రుకలను లోపలికి లాక్కుని, మళ్లీ మెల్లగా వదులుతోంది.

"అత్తయ్యా, ఇక నావల్ల కాదు!" ఇంట్లోంచి కోడలు అరిచింది.

నేను భయంతో ఆ రంధ్రాన్ని అరచేత్తో మూశాను.

ఇంట్లో కోడలి రెండో కేక సగంలోనే తెగిపోయింది.

చటుక్కున చెయ్యి తీయబోయాను. అది రాలేదు.