మంచులో మోగిన చెట్టు

"ఆ చెట్టు మాట నమ్మకు అమ్మాయ్. ఇవాళ అది అబద్ధం చెబుతుంది."

చెట్టును కొట్టి చూస్తున్న పిల్వి చేతిలోని కొయ్య సుత్తి ఆగింది.

తిరిగి చూస్తే అదే ముసలాయన. ఈ చలికాలంలో ఇది మూడోసారి. కాలితో తన్నుకుంటూ నడిపే మంచుబండి మీద పిలవని పేరంటానికి వచ్చినట్టు వస్తాడు, ఒక సలహా పారేస్తాడు, పోతాడు.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె గ్లవ్స్ తీయించి, కోటు బొత్తాం పెట్టుకోమన్నాడు. బొత్తాం పెట్టుకోలేని వేళ్లతో తాడు ముడి వేయకూడదట. రెండోసారి, గడ్డకట్టిన తాడును వెచ్చటి గదిలో ఆరబెట్టేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

కయానీ ఊరి శ్మశానంలో ఆ ఉదయం మైనస్ ఇరవై రెండు డిగ్రీలు. సమాధుల మీదికి ఒరిగిన పాత బర్చ్ చెట్టును పైనుంచి ముక్కలుగా కోసి దించాలి. ఎక్కేది పిల్వి, కింద తాళ్లు చూసుకునేది ఒస్మో.

"ఏం తాతా, మీ ఇంట్లో టీవీ పాడైందా?" అన్నాడు ఒస్మో.

ముసలాయన నవ్వలేదు.

పిల్వి మళ్లీ కొట్టింది. మాను ఖంగుమంది.

"విన్నారుగా? కుళ్లిన చెట్టయితే డొల్ల చప్పుడొస్తుంది. ఇది రాయిలా ఉంది."

"అదే నేను చెప్పేది. కుళ్లిన చోట నీళ్లు దిగుతాయి. ఈ చలికి అవి గడ్డకడతాయి. ఇక నువ్వెంత కొట్టినా మంచి చెట్టులాగే మోగుతుంది. మంచు కరిగాక కొట్టి చూడు, అప్పుడు తెలుస్తుంది దాని సంగతి."

తొమ్మిదేళ్లుగా చెట్లెక్కుతోంది పిల్వి. ఈ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"మీకెలా తెలుసు?"

"ఒకసారి నమ్మాను."

"మంచు కరగాలంటే ఏప్రిల్ రావాలి. అందాకా ఇక్కడే కూర్చుని కాఫీ తాగమంటారా?" ఒస్మో విసుక్కున్నాడు.

"కోసుకోండి, వద్దనను. ఆమె తాడు మాత్రం ఈ చెట్టుకు కట్టొద్దు. పక్కనున్న ఆ పైన్ చెట్టుకు కట్టండి."

"దానికి ఇంకో గంట పడుతుంది!"

"పట్టనీ. నేను ఆగుతాను." ముసలాయన తన బండి మీద తీరిగ్గా కూర్చున్నాడు.

ఆయనెవరన్నది వాళ్లిద్దరికీ పెద్ద చిక్కుప్రశ్న. రిటైరైన బడిపంతులని ఒస్మో పందెం కట్టాడు. పాతకాలం అడవి కూలీ అని పిల్వి అంది. కానీ ఆమెకు ఒక్కటే అంతుపట్టేది కాదు. ఆమె చెట్టెక్కడం మొదలుపెట్టగానే ఆయన వీపు తిప్పేసేవాడు. చూసే ఓపికైనా లేని మనిషి ఇంత చలిలో ఎందుకొస్తున్నట్టు?

పీడ వదిలితే చాలని తాడు పైన్‌కే కట్టారు. ముసలాయన వీపు తిప్పుకున్నాడు.

రెండో కొమ్మ కోస్తుండగా జరిగింది. మామూలుగా మాను విరిగేముందు మూలుగుతుంది. ఇది గాజుగ్లాసులా ఒక్కసారిగా పిల్వి పాదాల కింద ఫటేల్మంది.

"పిల్వీ!" ఒస్మో అరుపుకు శ్మశానంలో కాకులన్నీ లేచాయి.

మాను నేలమీద పడి ఉంది. పిల్వి పైన్ తాడుకు వేలాడుతోంది. మోచెయ్యి దోక్కుపోయింది, అంతే.

ఆమె మెల్లగా కిందికి దిగింది. విరిగిన మానులో ఒస్మో చెయ్యి పెట్టి చూశాడు. అంతా గోధుమరంగు పొట్టు, మధ్యమధ్య మంచుగడ్డలు.

"మీ అమ్మకు చెప్పకు," అన్నాడు నెమ్మదిగా.

"ఎలా చెబుతాను? నాన్న పోయింది కూడా చెట్టు మీంచి పడే. అప్పుడు నాకు నాలుగేళ్లు. ఈ పనిలో చేరానని అమ్మ ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు."

ఇద్దరూ ముసలాయన కోసం చూశారు. గేటు వైపు బండి జాడ మాత్రమే ఉంది.

ఊళ్లో చెట్లెక్కే వాళ్లందరినీ పిల్వి అడిగింది. "ఏ ముసలాయన?" అన్నారు అందరూ. ఎవరి దగ్గరికీ ఆయన ఒక్కసారైనా వెళ్లలేదు.

అంటే తన దగ్గరికే వచ్చేవాడా? ఎందుకు? ఆ ప్రశ్న ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు.

మూడు వారాలు వెతికితే చివరికి శ్మశానం ఆఫీసుకు ఆయన చేసిన ఫోన్ నంబరు దొరికింది, అది వృద్ధాశ్రమానిది. యాలకుల బన్నులు కట్టించుకుని అక్కడికి వెళ్లి, మంచుబండి మీద తిరిగే ముసలాయన కావాలంది.

"మంగళవారం పోయారమ్మా," అంది అక్కడి నర్సు. "మీరు మనవరాలా?"

"కాదు. పిల్వి అంటారు నన్ను."

నర్సు ఆమెను పైనుంచి కిందికి చూసింది.

"ఆ పిల్వి మీరేనా! చెట్ల కోత నోటీసులన్నీ నాచేత చదివించుకునేవారు. నోటీసు ఇచ్చిన ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఎక్కేదెవరని అడిగేవారు. ఇంకొకరి పేరు చెబితే ఫోన్ పెట్టేసేవారు. మీ పేరు వింటే చాలు, నా బూట్లేవీ అనేవారు."

ఒక్క మంచిమాటైనా చెప్పలేకపోయానే అనుకుంటూ పిల్వి బన్నుల పొట్లం వైపు చూసింది.

"ఆయన పేరేంటి?"

"తైస్టో కెంపైనెన్."

బన్నుల పొట్లంతోనే అమ్మ దగ్గరికి వెళ్లింది. ఇక దాచాలనిపించలేదు, జరిగిందంతా చెప్పేసింది. కప్పులో కాఫీ పోస్తున్న అమ్మ ఆ పేరు వినగానే చెయ్యి ఆపేసింది.

"ఆయన నీకు తెలుసా అమ్మా?"

"ప్రతి క్రిస్మస్‌కీ వచ్చి మన గుమ్మంలో నిలబడేవాడు. పన్నెండేళ్లు వచ్చాడు. నేను ఒక్కసారి కూడా తలుపు తీయలేదు."

"ఎందుకని?"

అమ్మ కాఫీ పాత్రను బల్ల మీద పెట్టేసింది.

"ఆ రోజు చెట్టును సుత్తితో కొట్టి చూసి, గట్టిగానే ఉంది ఎక్కు అని మీ నాన్నను పైకి పంపిన మేస్త్రీ అతనే."