అడుగున స్టెప్నీ

"అందిందా?" పికప్ కిటికీలోంచి అరిచింది వెర్నా.

టైరు పగిలి ట్రైలర్ ఓ పక్కకి కుంగిపోయింది. నెవాడా ఎండలో, కంకర మీద బోర్లా పడుకున్న డెల్మర్‌కి అడుగున బిగించిన స్టెప్నీ చేతికి తగులుతోంది గానీ బోల్టు కదలడం లేదు.

"అందింది. ఊడి రావట్లేదే."

"పన్నెండేళ్ళపాటు వెనక బంపరు మీద నిక్షేపంలా ఉండేది. దాన్ని అడుగున బిగించమని ఏ మహానుభావుడు చెప్పాడు నీకు?"

డెల్మర్ పాకుతూ బయటికొచ్చాడు. మోకాళ్ళు లేవనివ్వలేదు.

"మరి నీ చక్రాల కుర్చీ ఎక్కడ కట్టను?"

వెర్నా రోడ్డుకి రెండు వైపులా చూసింది. ఒక్క బండీ లేదు. ఫోనులో సిగ్నలూ లేదు.

"అది దించు," అంది చివరికి.

"దిగుతావా?"

"నాక్కాదు ముసలోడా, నీకే. నీడలో వేసుకుని కూర్చో."

డెల్మర్ కూర్చున్నాడు. పొద్దున బయల్దేరే ముందు అతడు గాలి చూసింది ఆ కుర్చీ చక్రాలకే.