నిండా సిగ్నలే

"సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి, చూడు!" భర్త కొత్త గేమింగ్ ఫోన్‌ని భార్య మొహం ముందు ఆడించాడు.

"గీతలుంటే సరిపోతుందా? నిన్నట్నించి ఒక్క కాల్ వచ్చిందా, పోయిందా?" ఆవిడ చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ అంది. "విదేశం నుంచి తెప్పించే ముందు, మన నెట్‌వర్క్‌లో పనిచేస్తుందో లేదో కనుక్కోండని మొత్తుకోలేదూ?"

"పనిచేస్తోందిగా! నెట్ ఎంత జోరుగా వస్తోందో!"

"నెట్ వస్తుంది, మాట పోదు. ఈ మోడల్‌కి మన కంపెనీ కాల్స్ ఇవ్వదట. కస్టమర్ కేర్ అమ్మాయి చిలక్కి చెప్పినట్టు చెప్పింది."

"ఈ రోజుల్లో కాల్స్ ఎవరు చేస్తారే?"

"అత్తయ్యకి ఆయాసం వస్తే డాక్టర్ని ఏం పెట్టి పిలుస్తారు, ఆటలో తుపాకీ పేల్చా? ఆవిడ ఫోన్ చూస్తే రిపేరులో ఉంది. నేను గడప దాటితే ఇంట్లో పలికే ఫోనే ఉండదు. ఆ సిమ్ మీ పాత ఫోన్‌లో వెయ్యండి."

"పాతది... అమ్మేశాను."

ఆవిడ ఒక చూపు చూసింది. అతను ఇయర్‌ఫోన్ వైరు చిక్కు తీయడంలో మునిగిపోయాడు.

"నాకేం కాదులేమ్మా, వెళ్లు. బస్సు పోతుంది," అంది సోఫాలోంచి అత్తగారు. బట్టల షాపులో క్యాషియర్ ఉద్యోగం, ఆలస్యమైతే మేనేజరు ఊరుకోడు. కోడలు గొణుక్కుంటూనే తలుపు చేరవేసి వెళ్లింది.

అతనికి ఆ రోజు వారపు సెలవు. మధ్యాహ్నం భోజనమయ్యాక కాళ్లు బారజాపుకుని ఆట మొదలుపెట్టాడు.

"వచ్చావా ముసలి సింహం?" చెవిలో ఎలకపిల్ల గొంతు కిచకిచలాడింది.

గండుచీమ! గొంతు మార్చే మీట నొక్కి మాట్లాడే ఆ ఆటగాడు ఎవరో ఎవరికీ తెలీదు. రోజూ వచ్చి తనని చిత్తుగా ఓడించి పోతాడని మాత్రం తెలుసు.

"ఒరేయ్ చీమా, ఇవాళ నీ పని అయిపోయింది. కొత్త ఫోన్!"

"ఫోన్ మారిస్తే చేతులు మారతాయా?"

మిగతా ఆటగాళ్లు గొల్లుమన్నారు. అతను పళ్లు నూరుతూ గురిపెట్టాడు.

వంటింట్లో గిన్నె దభీమని పడింది.

పరిగెత్తి చూస్తే, తల్లి గోడకి ఆనుకుని కూలబడి ఉంది. గుండెల్లోంచి ఈల వేస్తున్నట్టు శబ్దం. పెదవులు నల్లబడుతున్నాయి. కొంగున కట్టుకున్న ఇన్‌హేలర్ తీసి ఆమె నోటికి పెట్టి నొక్కాడు. బుస్సుమని ఉత్తగాలి వచ్చింది. మళ్లీ నొక్కాడు. అదీ రాలేదు.

ఆంబులెన్స్‌కి డయల్ చేశాడు. గీతలన్నీ నిండుగానే ఉన్నాయి. కాల్ తెగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ తెగింది. పక్కింటి తలుపు బాదాడు. తాళం వేలాడుతోంది. కింద అంతస్తు దాకా వెళ్లాలంటే అమ్మని వదలాలి. భార్యకి మెసేజ్ పెడదామంటే, కౌంటర్లో కూర్చున్నంతసేపూ ఫోన్ ముట్టుకోనని ఆవిడే చెప్పింది.

తెర మీద ఆట ఇంకా నడుస్తూనే ఉంది.

"బాబూ, ఎవరైనా ఆంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి!" మైకులో అరిచాడు. "మా అమ్మకి ఊపిరాడటం లేదు! ఈ దిక్కుమాలిన ఫోన్లోంచి కాల్ పోవట్లేదు!"

"ఓడిపోయేటప్పుడు అందరికీ అమ్మ గుర్తొస్తుంది బ్రదర్," అన్నాడొకడు. ఇంకొకడు పగలబడి నవ్వాడు.

"నోరుముయ్యండి అందరూ!" ఎలకపిల్ల గొంతు కీచుమంది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. అతను తల్లి వీపు నిమురుతూ ఏడుపు ఆపుకుంటున్నాడు.

"ఆంబులెన్స్ బయల్దేరింది," చీమ మళ్లీ పలికింది. "పడుకోబెట్టకండి, ముందుకు వంచి కూర్చోబెట్టండి. కుట్టుమిషన్ సొరుగులో, దారాల డబ్బాలో ఇంకో ఇన్‌హేలర్ ఉంది. తీసుకురండి, త్వరగా!"

ఆలోచించే తీరిక ఎక్కడిది? ఉరికాడు. సొరుగు లాగాడు. రంగురంగుల దారపుండల మధ్య సీలు కూడా విప్పని కొత్త ఇన్‌హేలర్! తెచ్చి తల్లి నోటికి పెట్టాడు. ఒకసారి నొక్కాడు. కాస్త ఆగి ఇంకోసారి. ఈల మెల్లగా సన్నబడింది. పెదవులకి రంగు తిరిగొచ్చింది. ఆమె కళ్లు తెరిచి కొడుకు చెయ్యి పట్టుకుంది.

అమ్మ ఊపిరి దారిన పడ్డాక ఇప్పుడు అతని ఊపిరి ఆగినంత పనైంది.

తను అడ్రస్ చెప్పలేదు. సొరుగులో ఇన్‌హేలర్ ఉన్నట్టు తనకే తెలీదు. ఎక్కడో ఉన్న చీమకెలా తెలిసింది?

చేతిలోని ఫోన్‌ని పాముని చూసినట్టు చూశాడు. ఎక్కడో పరాయి దేశంలో తయారై వచ్చింది. లోపల ఏముందో, ఎవరి కన్ను ఉందో! కెమెరాని బొటనవేలితో గట్టిగా మూసేశాడు.

"ఎవడ్రా నువ్వు?" మైకులో గద్దించాడు. "ఈ ఫోన్లోంచి మా ఇల్లంతా చూస్తున్నావా?"

ఆంబులెన్స్ సైరన్ వీధి మలుపు తిరిగింది.

చెవిలో ఎలకపిల్ల గొంతు వెక్కుతూ అంది:

"నన్ను తర్వాత తిడుదురుగానీ, ముందు అత్తయ్యకి ఎలా ఉందో చెప్పండి!"