గుర్వమ్మ కంచు గిన్నె

గొర్లుకాసే గుర్వమ్మ ఇంట్ల, అటుక మీద పాత కంచు గిన్నె కనపడంగనే దివాకర్ మొఖం వెలిగింది. ఊర్లు తిరిగి గిసుంటియి కొంటడు. హిమాలయాల లామాలు వాయించినయని చెప్పి పట్నంల ధ్యానం సెంటర్లకు అమ్ముతడు.

"హిమాలయాలేంది బిడ్డా? మా అత్త కేతేపల్లి అంగట్ల కొన్నది. అది ఇంట్ల వాడేది కాదు, ఇయ్య," అన్నది గుర్వమ్మ.

"ఒక్కసారి దీని పాట ఇను, అవ్వా."

గిన్నెను కిందికి తీసి, సగందాక నీళ్లు పోసి, తన మెడకు దగ్గరగా పట్టుకొని, కట్టెతోని కొట్టిండు. గిన్నె గుయ్యిమన్నది. నీటి చుక్కలు ఎగిరి ఆయన మెడ మీద పడ్డయి. ఒళ్లంత జలదరించి, దివాకర్ ఒక్కసారి విదిలిచ్చుకున్నడు.

"చూసినవా? గీ జలదరింపు కోసమే పట్నపోళ్లు వచ్చేది!"

గుర్వమ్మ ఎనుకకు జరిగింది.

"ఎల్లమ్మకు యాటను కోసే ముందు, దాని మెడ మీద నీళ్లు సల్లేది గీ గిన్నెతోనే, బిడ్డా. అది ఒళ్లు విదిలిచ్చుకుంటేనే తల్లి ఒప్పుకున్నట్టు."

దివాకర్ నవ్వుకుంట మెడ తుడుచుకున్నడు.

గుర్వమ్మ నవ్వలే. తల్లి ఒప్పుకున్న యాటకు మొక్కినట్టు, కొడుకు ఈడు మనిషికి రెండు చేతులెత్తి దండం పెట్టింది.